జయరాజు రాసుకోని రెండు వరుసలు

జయరాజును తిట్టినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసుకు కాస్త తేలిక. నా పేరు దావీదు, నంద్యాల నుంచి పాణ్యం పోయే రోడ్డు మీద మిషన్ వాళ్ళు కట్టించిన కుష్ఠు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేశాను. గేటు మీద మాత్రం చర్మవ్యాధుల వైద్యశాల అని రాయించారు. అసలు పేరు రాస్తే ఆ గేటు దాటి ఒక్క మనిషి లోపలికి రాడు. జయరాజు అక్కడ రికార్డు గుమాస్తా. ఇరవయ్యేళ్ళు ఒకే వసారాలో పనిచేశాం, ఒకే డబ్బాలో సంగటి పంచుకు తిన్నాం. అయినా 1987లో ఒక నెలపాటు వాడి మొహం చూడ్డానికే నాకు మనసొప్పలేదు.

వాడిది ఆళ్ళగడ్డ అవతల చిన్న పల్లె. నాయన ఏసయ్య మిషన్ బడిలో అయ్యవారు, ఆదివారం వాక్యం చెప్పేవాడూ ఆయనే. మా ఇళ్ళల్లో పిల్లలు తప్పు చేస్తే కొందరికి బెత్తం, కొందరికి వాక్యం. ఏసయ్య గారి ఇంట్లో వాక్యమే. అబద్ధమాడితే ఒక అధ్యాయం, కొట్లాడితే రెండు, కూర్చుని నకలు తీయాలి. ఒక్క అక్షరం పోయిందా, మళ్ళీ మొదటి నుంచి. అయితే ఆయనకో నియమం ఉండేది. పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉండే వివరణలు రాయకూడదు. పైనున్నది దేవుడి మాట, కిందున్నది మనుషులు అతికించిన మాట అనేవాడు. పదేళ్ళపాటు అట్లా రాసిన చెయ్యి జయరాజుది. ముత్యాల్లాంటి దస్తూరి. పేజీ అడుగుకు వచ్చేసరికి ఆ చెయ్యి దానంతటదే ఆగిపోయేది.

వాడు నంద్యాల కాలేజీలో చదువుతుండగా తల్లి మరియమ్మకు చెంప మీద మచ్చ లేచింది. అందరి జబ్బుల కోసం మోకాళ్ళూని ప్రార్థించే ఏసయ్య గారు భార్య మంచం మాత్రం పశువుల కొట్టంలో వేయించాడు. విశ్వాసం విశ్వాసమే, మంచం మంచమే. జయరాజు చదువు వదిలేసి, టైపు నేర్చుకుని, 1976లో మా ఆస్పత్రిలో చేరాడు. చేరిన మొదటి వారమే తల్లిని ఆళ్ళగడ్డలో ఉన్న మా చిన్న వైద్యశాలకు తీసుకుపోయి పేరు రాయించాడు. ఆ ఉద్యోగం జీతం కోసం కాదని మా అందరికీ తెలుసు.

అప్పట్లో ఒకటే మాత్ర ఉండేది. బతికినన్నాళ్ళూ మింగాలి. 1985 మొదట్లో మూడు మందులు కలిపి ఇచ్చే కొత్త వైద్యం వచ్చింది. నెలకొకసారి కాంపౌండరు ముందర మింగాలి, మిగతా రోజులు ఇంట్లో. అట్లా ఇరవై నాలుగు నెలలు. ముగిసిన రోజున డాక్టరు సంతకంతో ఒక కాగితం ఇస్తారు, ఈ మనిషికి జబ్బు లేదని. ఆ కాగితం విలువ ఆరోగ్యంగా ఉన్నవాడికి అర్థం కాదు. దాంతో మనిషి తిరిగి బావి దగ్గరికి పోవచ్చు, పెళ్ళి పందిట్లో కూర్చోవచ్చు. మా రోగులకు ఇరవై నాలుగంటే లెక్క కాదు, మోక్షం.

1986లో ఏ దేశం చర్చివాళ్ళో ఒక యూనిక్స్ కంప్యూటరును కానుకగా పంపారు. మా పెద్ద డాక్టరు యోహాను గారు జయరాజును నెల రోజులు బెంగళూరు శిక్షణకు పంపాడు. అక్కడ కంప్యూటరు పుస్తకాలు గదిలోనే చదవాలి, బయటికివ్వరు. తక్కినవాళ్ళు ముఖ్యమైనవి మాత్రం రాసుకుని వచ్చేవాళ్ళు. మనవాడు వాక్యం రాసినట్టు రాశాడు. మూడు పొడవాటి నోటుబుక్కుల నిండా కంప్యూటరుకు పని చెప్పే సి భాష ఫంక్షన్లు, ఏది ఎట్లా పిలవాలి, ఏం తిరిగి ఇస్తుంది, అంతా పూసగుచ్చినట్టు. తిరిగొచ్చి ఆ బుక్కులు నాకు చూపించినప్పుడు వాడి మొహం వెలిగిపోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ దస్తూరి మెచ్చుకున్నాను.

రోగుల కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక ఒక పని జరిగింది. ఇప్పటికీ దాన్ని తప్పనలేను. రోగులే డాక్టర్ని అడిగారు, అయ్యా, మా పేర్లున్న ఆ కార్డులు కాల్చేయండి అని. పేర్లు బయట పడితే బతుకు పోతుందని వాళ్ళ భయం. చాలామంది తమ దగ్గర పెట్టుకోవాల్సిన మందుల చీటీ కూడా తీసుకునేవాళ్ళు కాదు, అద్దింటివాళ్ళు చూస్తారని. యోహాను గారు మాటిచ్చి, పెరట్లో అందరి ముందరా కాల్పించాడు. ముప్పైమంది నిలబడి చూశారు. వాళ్ళలో కనకవల్లి ఒకామె.

కనకవల్లిది అహోబిలం. భర్త శేషాద్రి గుడి వంటశాలలో ప్రసాదాలు వండుతాడు. ఆ ఇంట్లో ఈ జబ్బని బయటపడితే ఆయన గరిటె పట్టడానికి లేదు. ఆళ్ళగడ్డ వైద్యశాలే వాళ్ళకు దగ్గర, కానీ ఆ దారిలో ప్రతివాడూ ఎరిగినవాడే. అందుకని నంద్యాలలో ఒక గది తీసుకుని, ఒకరింట్లో వంటకు కుదిరానని ఊళ్ళో చెప్పి, నెలనెలా మా దగ్గరికి వచ్చేది. ఇల్లు వదిలిన నాటికి కూతురు అమృతవల్లికి నాలుగేళ్ళు. అత్తగారు ఒకటే మాట చెప్పింది, కాగితం తెచ్చేదాకా పిల్లను ముట్టొద్దని. ఈవిడ ముట్టలేదు. శేషాద్రి అప్పుడప్పుడు పిల్లను తీసుకొచ్చి రోడ్డవతల నిలబెట్టేవాడు, ఈవిడ ఇవతల నుంచి చూసుకునేది. మందుకు ఒళ్ళు నల్లబడిపోయింది. ఒక నెల కూడా తప్పలేదు. నేను మాత్రలు చేతిలో పెడుతుంటే ప్రతిసారీ, ఇంకెన్ని నాయనా, అని అడిగేది. నేను జయరాజును అడగమనేవాణ్ణి. వాడు కంప్యూటర్లో చూసి చెప్పేవాడు.

ఇప్పుడు ఆ తప్పు సంగతి. కంప్యూటర్లో ఉన్న ఒకే డిస్కును నాలుగు భాగాలు చేసి పెట్టారు. మొదటి రెండూ దాని సొంత పనికి, మూడోది నంద్యాల రోగులది. నాలుగోది 1987 మొదట్లో కలిపిన ఆళ్ళగడ్డ రోగులది. ఏ భాగాన్ని ఎక్కడ తగిలించాలి, దేన్ని రోజూ టేపు మీదికి నకలు తీయాలి అనేది ఒక చిన్న పట్టికలో వరుసకొకటిగా రాసి ఉంటుంది. ఆ పట్టిక చదవడానికి సి భాషలో మూడు ఫంక్షన్లు సిద్ధంగా ఉంటాయి. సెట్‌మౌంటెంట్ పట్టిక తెరుస్తుంది. గెట్‌మౌంటెంట్ పిలిచినప్పుడల్లా ఒక్కో వరుస చదివి చేతికిస్తుంది. ఎండ్‌మౌంటెంట్ మూసేస్తుంది. ఇంగ్లీషులో రాస్తే నడుమ అచ్చులే ఉండవు ఆ పేర్లకు, చూస్తేనే నోరు ఎండుకుపోతుంది. జయరాజు మాత్రం కీర్తన పాడినట్టు చెప్పేవాడు. వాటితో తన సొంత ప్రోగ్రాం రాశాడు. అది ముందు పట్టికలో వరుసలన్నీ తీసి పక్కన పెట్టుకుంటుంది, తర్వాత ఒక్కొక్కటే టేపుకు ఎక్కిస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు టేపులు. వారం తిరిగేసరికి పాతదాని మీదే కొత్తది.

పరీక్షించలేదా అంటే పరీక్షించాడు. మొదట్లో నంద్యాల రోగి ఒకరి పేరు టేపు నుంచి వెనక్కి తీసి చూశాడు, వచ్చింది. ఆళ్ళగడ్డ కలిపినప్పుడు మళ్ళీ చూశాడు. ఈసారి వెతికింది వాళ్ళమ్మ పేరు. మరియమ్మ, భర్త ఏసయ్య, నెలలు ఇరవై నాలుగు, నయమైంది అని తెర మీద కనిపించింది. నన్ను పిలిచి మరీ చూపించాడు. తల్లి దొరికింది కాబట్టి అందరూ దొరుకుతారనుకున్నాడు. నంద్యాల పేరు కూడా ఒకటి మళ్ళీ చూడమనే మాట అక్కడే ఉన్న నాకూ తోచలేదు, కాబట్టి వాణ్ణొక్కణ్ణీ అనడానికి లేదు.

ఆ ఏడాది అక్టోబరులో డిస్కు చెడిపోయింది. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది, లోపల ఏదో గీసుకున్న చప్పుడు, అంతే. జయరాజు కంగారు పడలేదు. టేపులున్నాయి కదా. తొమ్మిది రోజులకు బెంగళూరు నుంచి ఇంజనీరు కొత్త డిస్కు తెచ్చి పెట్టాడు. జయరాజు శనివారం టేపు ఎక్కించాడు. మొదటిదిగా ఆళ్ళగడ్డ వచ్చింది. రెండోది చూశాడు, ఆళ్ళగడ్డ. మూడోది నంద్యాల ఉండాల్సిన చోటు, అక్కడా ఆళ్ళగడ్డే. నాలుగోదీ అదే. శుక్రవారం టేపు పెట్టాడు. తర్వాత గురువారం. ఆరు టేపులూ పెట్టాడు. అన్నిట్లో నాలుగేసిసార్లు ఆళ్ళగడ్డ. మా నంద్యాల రోగులు మూడువందల పన్నెండుమంది ఎక్కడా లేరు.

రెండు రోజులు వాడు ఆ గదిలోంచి బయటికి రాలేదు. పెట్టిన టేపే మళ్ళీ పెట్టేవాడు. నేను తిండి తీసుకుపోతే, ఇంకొక్కసారి చూస్తాండా అన్నా, అనేవాడు. మూడో రోజు ఇంజనీరు సంచిలోంచి అసలు పుస్తకం తీసి గెట్‌మౌంటెంట్ ఉన్న పేజీ వాడి ముందు పెట్టాడు. పేజీ అడుగున, సన్నక్షరాల్లో రెండు వరుసలున్నాయి. ఈ ఫంక్షను ఇచ్చే సమాచారం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, మళ్ళీ పిలిస్తే పాతది చెరిగిపోతుంది, కావాలంటే వేరే చోట రాసి దాచుకోవాలి అని. జయరాజు తన నోటుబుక్కు తెరిచాడు. పైనున్నదంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆ రెండు వరుసలు లేవు. వాడు నాలుగు వరుసలు దాచుకున్నాననుకున్నాడు. దాచుకున్నది ఒకే చోటును నాలుగుసార్లు. ఆ చోట ఆఖరికి మిగిలింది ఆఖరి వరుస, ఆళ్ళగడ్డ. అది కలపకముందు ఆఖరి వరుస నంద్యాలదే, అందుకే మొదటి పరీక్షలో నంద్యాల పేరు దొరికింది.

అప్పుడు తిట్టాను నేను. వాణ్ణి, వాళ్ళ నాయనను, ఆ నియమాన్ని, అన్నీ కలిపి తిట్టాను. చేతులు కాలాక తిట్లేం పనికొస్తాయి, అయినా తిట్టాను. వాడు వింటూ నిలబడ్డాడు. తర్వాత ఇద్దరం డాక్టరు దగ్గరికి పోయాం.

యోహాను గారు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కోప్పడి ఊరుకునేవాళ్ళం. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. మందుల గదిలో లెక్క ఉంది గానీ అది మాత్రలది, మనుషులది కాదు. చర్మం గీసి పరీక్ష చేయొచ్చు, క్రిమి లేదనే వస్తుంది, కానీ ఎన్ని నెలల మందు పడిందో చర్మం చెప్పదు. తక్కువ పడినవాళ్ళను పంపేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు ఏ మందూ పనిచేయదు. అందుకని అందరూ మళ్ళీ ఒకటో నెల నుంచి మొదలుపెట్టాలి అన్నాడు. రోగులు చెప్పిన లెక్క రాసుకుందామని జయరాజు బతిమాలాడు. ఇంటికి పోవాలనే ఆశ ఉన్నవాడు పదిని ఇరవై అంటాడు, నేనైనా అంటాను అన్నాడాయన.

"సార్, తప్పు చేసింది నేను. నెలలు వాళ్ళవి ఏంటికి తీస్తారు?" అన్నాడు జయరాజు.

కనకవల్లి సంగతి జయరాజే ఎత్తాడు. ఎల్లుండి బుధవారం ఆమెకు ఇరవై నాలుగోది, భర్త పిల్లను తీసుకుని వస్తాడు, ఆ ఒక్క మనిషికైనా కాగితం ఇవ్వండి అన్నాడు. డాక్టరు నావైపు తిరిగాడు. మాత్రలు ఆమె చేతిలో పెట్టింది నువ్వే కదా, ఇప్పటికి ఇరవై మూడేనా, ఖాయంగా చెప్పగలవా అని అడిగాడు.

ఇక్కడ నేను చేసింది చెప్పాలి. వసారాలో నా ముందర రోజుకు పాతికమంది మింగేవాళ్ళు. ఆమె ఒక నెల కూడా తప్పలేదని నాకు తెలుసు. కానీ ఇరవై మూడా, ఇరవై రెండా అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. నేను అబద్ధమాడని మనిషినని నాకో పొగరు ఉండేది. ప్రార్థన మందిరంలో పెద్దను కూడా.

"ఉండొచ్చు సార్," అన్నాను.

"ఉండొచ్చు అనేదాని మీద సంతకం పెట్టలేను దావీదూ," అన్నాడాయన.

ఆ ఒక్క మాట 'అవును సార్' అయ్యుంటే ఏ దేవుడు నన్ను శిక్షించేవాడు? నా నిజాయితీతో ఎవరి కడుపు నిండింది? జయరాజుది తెలియక చేసిన తప్పు. నాది తెలిసి చేసిన ఒప్పు. రెండిట్లో ఏది పెద్ద పాపమో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

బుధవారం కనకవల్లి అందరికన్నా ముందు వచ్చింది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. రెండేళ్ళలో ఆమె తలలో పువ్వు చూడ్డం అదే మొదలు. గేటు బయట శేషాద్రి, చెయ్యి పట్టుకుని అమృతవల్లి. ఆరేళ్ళ పిల్ల, పట్టు పావడా కట్టించారు. చెప్పే పని నాది కాదు, తనదేనని జయరాజే లేచాడు. ఆమెను వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చున్నాడు.

రికార్డులు పోయినాయని చెప్పాడు. ఎట్లా పోయినాయని ఆమె అడిగింది. వాడు యంత్రం మీదికి తోసేసి ఉండొచ్చు, ఆమెకేం తెలుస్తుంది. తోయలేదు.

"బళ్ళో పలక ఒకటే ఉందనుకోమ్మా," అన్నాడు. "అయ్యవారు ఒక పేరు రాసి చూపిస్తాడు, తుడిచి ఇంకోటి రాస్తాడు. చూపించినప్పుడు చూపించినట్టు నేను కాగితం మీద రాసుకోవాల. రాసుకోల్యా. నాలుగు పలకలు ఉండాయనుకున్న్యా. ఉండింది ఒకటే. ఆఖర్న దాని మీద ఆళ్ళగడ్డ మిగిలింది, నంద్యాల తుడిచిపెట్టుకపోయింది."

జయరాజు వాళ్ళమ్మ పేరు ఆళ్ళగడ్డ వైద్యశాలలో ఉందని ఆస్పత్రిలో అందరికీ తెలుసు.

"మీ అమ్మది ఉందా?" అని అడిగింది.

"ఉంది," అన్నాడు జయరాజు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మళ్ళీ ఎన్ని నెలలని అడిగింది. ఇరవై నాలుగన్నాడు. ఆమె లేచి డాక్టరు గదికి పోయింది, ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన చేతులు జోడించి అటు తిరిగి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఆమె నా దగ్గరికొచ్చింది. నువ్వే కదా పెట్టింది, నీకు గుర్తులేదా నాయనా అంది. గుర్తుంది తల్లీ అన్నాను. మరి చెప్పవేం అంది.

తర్వాత గేటు దగ్గరికి పోయింది. మేమందరం వసారాలోంచి చూస్తున్నాం. ఆమె గేటు ఇవతలే ఆగి భర్తతో మాట్లాడింది. ఆయన రెండుసార్లు మా వైపు చూశాడు. కాగితం లేకుండా తీసుకుపోతే వాళ్ళమ్మ ఇంట్లోకి రానీయదని ఆయన అంటున్నట్టు చేతులు చూస్తేనే తెలుస్తోంది. పిల్ల, ఈ రోజు ముట్టొచ్చని ఇంటి దగ్గరే చెప్పి తీసుకొచ్చారేమో, నాయన చెయ్యి వదిలించుకుని గేటు సందులోంచి లోపలికి దూరి, అమ్మా అని రెండు చేతులూ చాపింది. కనకవల్లి గబగబా వెనక్కి జరిగింది. పిల్ల ఇంకో అడుగు వేసింది. ఆమె ఇంకా జరిగి, పైట కొంగు చేతుల చుట్టూ చుట్టుకుని, రావద్దు, రావద్దు అంటూ వసారా గోడకు ఆనుకుంది. శేషాద్రి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల ఏడుపు ఆళ్ళగడ్డ బస్సు కదిలేదాకా మాకు వినిపించింది.

బస్సు పోయాక కనకవల్లి తిరిగొచ్చి జయరాజు బల్ల ముందు నిలబడింది. పాత వివరాలు ఏమీ లేవు కాబట్టి కొత్తగా చేరిన రోగిని అడిగినట్టు అన్నీ అడగాలి. వాడు తెర వైపే చూస్తూ ఒక్కొక్కటే అడిగాడు, ఆమె ఒక్కొక్కటే చెప్పింది. పేరు కనకవల్లి. వయసు ఇరవై ఏడు. ఊరు అహోబిలం. భర్త శేషాద్రి. పిల్లలు ఒక ఆడపిల్ల. నేను పక్కన మాత్రలూ నీళ్ళూ పట్టుకుని నిలబడ్డాను.

ఆఖరి ప్రశ్న ఎన్నో నెల అని. వాడు దాన్ని అడగలేకపోయాడు. వేళ్ళు మీటల మీద అట్లాగే ఉండిపోయాయి, కళ్ళలో నీళ్ళు ఆ మీటల మీదే పడుతున్నాయి. వెనక వరుసలో ఉన్నవాళ్ళు ఎందుకు ఆగిందని తొంగి చూస్తున్నారు. ఆమె నా చేతిలోంచి మాత్రలు తీసుకుని, నియమం ప్రకారం నా ముందరే మింగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒకటని రాయన్నా," అంది.

జయరాజు రాశాడు.